ఏడో నెల ప్రయాణం

1996 ఎండాకాలం. నల్గొండలో బస్సు దిగి మా అమ్మమ్మ వాళ్ల ఊరికి పోతుంటే నా సంచిలో ఒక టేప్‌రికార్డరు, నాలుగు ఖాళీ క్యాసెట్లు ఉన్నాయి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అప్పుడే చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో తాము చెప్పుకున్న సంగతులవి. ఆ వేడిలో, మా ఇంట్లోనూ ఒక పోరాట యోధుడున్నాడు గదా, ఆయన చెప్పింది ఎవరూ రాసుకోలేదు గదా అనిపించింది. మా తాత సంఘం మనిషి. దళాలకు ఉత్తరాలు మోశాడు, పోలీసు చర్య తర్వాత జైలుకు పోయాడు.

మొదటి రోజు తాత బాగా చెప్పాడు. దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతపట్టుకుని నడవడం, పండగకు మేకలు, నెయ్యి, కూరగాయలు ఊరికే ఇచ్చుకోవడం, కులానికొక తీరు వెట్టి. మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాడు. "బాలింతరాలని సుత చూడకపోయేది బిడ్డా. నిన్నగాక మొన్న నీళ్లాడినదాన్ని తోలుకపోయి నాట్లేపిచ్చిన్రు. పాలిద్దామన్నా ఒడ్డు మీదికి రానియ్యకపోయేది." చెప్తుంటే ఆయన గొంతు వణికింది. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి.

అర్రలో చేటలో బియ్యం చెరుగుతున్న అమ్మమ్మ ఏదో గొణిగింది. క్యాసెట్లో ఆ గొణుగుడు చేట చప్పుడుతో కలిసి వినిపిస్తుంది గానీ, మాట తెలియదు.

మరునాడు తాత పొలం దిక్కు పోయినప్పుడు అడిగాను, నిన్న ఏమన్నావు అమ్మమ్మా అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "దొర చేసింది ఊరందరికి యాదికున్నది. మీ తాత జైలు నుంచి వచ్చిన యేడు నాకు నాలుగో నెల. కడుపు పోయింది. బాయికాడ జారి పడ్డదన్నరు. నేను జారలే బిడ్డా."

అప్పుడు టేప్‌రికార్డరు ఆన్‌లో లేదు. ఆన్ చేయనా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

*

తాత చెప్పింది అబద్ధం కాదు. నిజాం రాజ్యంలో నల్గొండ, వరంగల్ జిల్లాల దేశ్‌ముఖ్‌ల గడీల్లో ఆడవాళ్ల మీద సాగిన హింస చరిత్రకెక్కిన విషయమే. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట పంపే ఆడబాపలకు పెళ్లి లేదు, ఇల్లు లేదు, పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు. గర్భిణి, బాలింత అనే కనికరం లేకుండా వెట్టికి తోలేవాళ్లన్న మాట ఆ కాలపు జ్ఞాపకాల్లో మళ్లీమళ్లీ వస్తుంది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మీద పాలకుర్తి చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల పంట కోసం కొట్లాడింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఈ ఊర్లన్నీ ఉన్న జనగామ తాలూకా అప్పుడు నల్గొండ జిల్లాలోదే. అక్కడి నుంచి 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించేదాకా జరిగిందంతా మనం పుస్తకాల్లో చదువుకుంటున్నాం, పాటల్లో వింటున్నాం.

బాలింత మీద దొర చేసిన దౌర్జన్యం మనకెట్లా తెలిసింది? దాన్ని దౌర్జన్యమని పిలిచిన ఒక రాజకీయం ఉండబట్టి. ఆంధ్రమహాసభ, సంఘం, కమ్యూనిస్టు పార్టీ దానికి 'వెట్టి' అని పేరు పెట్టి, అది తప్పని ఊరూరా చెప్పాయి. దానిమీద కరపత్రాలు వచ్చాయి, నివేదికలు వచ్చాయి, తర్వాత చరిత్ర పుస్తకాలు వచ్చాయి. పేరున్న దెబ్బ రికార్డుకెక్కింది.

మా అమ్మమ్మ తిన్న దెబ్బకు పేరు లేదు. 'జారి పడ్డది' అనే మాట ఉంది. అది దెబ్బను చెప్పే మాట కాదు, దాచే మాట. ఆ మాట విన్న ప్రతి ఆడమనిషికీ అసలు సంగతి తెలుస్తుంది. తెలిసినట్టు ఎవరూ కనపడరు. "మంత్రసానికి తెల్వదా?" అని అడిగాను. "ఆమెకు తెల్వకుంటదా? నడుము మీద కమిలిన కాడ ఆముదం రాసింది ఆమెనే. మల్ల బాయికాడికి పోకు బిడ్డా అన్నది."

'మనకు తెలియని మన చరిత్ర'ను ఆ తర్వాత మళ్లీ చదివాను. మొదటిసారి కనపడనివి కనపడ్డాయి. సంఘం బలంగా ఉన్న ఊళ్లలో పంచాయితీల ముందుకు భూమి తగాదాలతో పాటు ఆలుమగల తగాదాలూ వచ్చేవి. మొగుడు కొట్టడం నలుగురి ముందు మాట్లాడదగ్గ విషయమైంది, కొద్దికాలమే అయినా. అదే పోరాటంలో కడుపుతో ఉన్న స్త్రీ దళానికి బరువు కూడా అయింది. కమలమ్మ అడవిలో బిడ్డను కని, దళం క్షేమం కోసం ఆ పసివాణ్ణి వేరే వాళ్లకు ఇచ్చేయవలసి వచ్చింది. పోరాటం ముగిశాక చాలామంది స్త్రీలు, ఇక ఇంటికి పోయి సంసారం చూసుకొమ్మన్నారని చెప్పుకున్నారు. చాలామందికి అది ఏ ఇల్లో నాకు ఆ రోజు అమ్మమ్మ మాటతో అర్థమైంది. తాత జైలు నుంచి వచ్చింది కూడా ఆ ఇంటికే.

*

అమ్మమ్మ చెప్పిన రెండో ముచ్చట మా అమ్మ పుట్టుక గురించి.

మా దిక్కు తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి. ఏడో నెల పడంగనే పుట్టింటి వాళ్లు వచ్చి, ఒడినింపి తీసుకపోతారు. పురుడు, స్నానాలు, తొట్టెల అన్నీ అక్కడే. మూడో నెల దాటినాకనో, ఐదో నెలలోనో తల్లీబిడ్డలను అత్తగారింటికి సాగనంపుతారు. ఇది ముద్దుముచ్చటల ఆచారమని, తల్లి చేతి తిండి కోసం, విశ్రాంతి కోసం అని మనం అనుకుంటాం. అది నిజమే. కానీ ఆచారాన్ని చరిత్రగా చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. పని తక్కువ కావాలంటే, కడుపునిండా తినాలంటే, దెబ్బ పడకుండా ఉండాలంటే గర్భిణి ఆ ఇంటి నుంచి దూరం పోవాలని మన సమాజానికి ఎప్పటినుంచో తెలుసు. అత్తగారింటిని మార్చలేక, ఆమెనే అక్కడి నుంచి కొన్ని నెలలు తప్పించే ఏర్పాటు చేసుకుంది.

కడుపు పోయిన రెండేళ్లకు మా అమ్మమ్మకు మళ్లీ నెల తప్పింది. "ఈసారి ఏడో నెల దాంక ఆగలే. నాలుగో నెలల్నే మా అన్నకు కబురు జేసిన. అవ్వకు పానం బాగలేదని చెప్పి బండి కట్టుకోనొచ్చిండు. మా అవ్వ బంగారమోలె ఉన్నది!" చెప్తూ నవ్వింది. ఆ ఒక్క అబద్ధం వల్ల మా అమ్మ పుట్టింది. అమ్మ పుట్టబట్టి నేనున్నాను.

ఆ ఆశ్రయానికి గడువుంది. తొట్టెల అయినంక తిరిగి పంపాలి. పంపకపోతే ఊళ్లో మాటొస్తుంది, తోడబుట్టిన చెల్లెండ్ల పెండ్లిళ్లు ఆగుతాయి. పుట్టినింటివాళ్లకు భూమి, బండి, నలుగురు అన్నదమ్ములు ఉంటేనే ఆ మాత్రమైనా దొరుకుతుంది. తల్లి చచ్చిపోయినదానికి, కూలికి పోతే గాని పొయ్యి వెలగని ఇంటి బిడ్డకు ఏడో నెల ప్రయాణం లేదు. పుట్టింది ఆడపిల్లయితే భర్త వచ్చి తోలుకపోకపోవడం ఇంకో శిక్ష. అవ్వగారింట్లో ఉంటే బరువు, అత్తగారింటికి పోతే దెబ్బ.

*

అమ్మమ్మకు కడుపు పోయిన కాలంలో చట్టం ఏం చెప్పిందో తర్వాత వెతుక్కున్నాను. నిజాం రాజ్యానికి వేరే శిక్షాస్మృతి ఉండేది. 1951లో పార్లమెంటు చేసిన చట్టంతో భారత శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికీ వచ్చింది. 1860లో తయారైన ఆ స్మృతిలో గర్భం గురించి 312 నుంచి 316 దాకా సెక్షన్లుండేవి. స్త్రీ ఇష్టం లేకుండా గర్భస్రావం చేయిస్తే 313 కింద యావజ్జీవం దాకా శిక్ష పడే వీలుండేది. చదవగానే ఎంత గట్టి చట్టమో అనిపిస్తుంది. కానీ గర్భస్రావం చేయాలనే ఉద్దేశంతోనో, అది కావచ్చని తెలిసో చేశాడని రుజువు కావాల్సి ఉండేది. కూర ఉప్పయిందనో, ఎదురు మాట్లాడిందనో తన్నినవాడి ఉద్దేశం గర్భస్రావం కాదు గదా! అది మామూలు దెబ్బ. మామూలు దెబ్బ మీద పోలీసు ఠాణాకు పోయే ఆడమనిషి మా ఊళ్లో లేదు.

విడిపోదామన్నా దారి ఇరుకే. కొన్ని కులాల్లో పెద్దమనుషుల ముందు ఇడుపు కాయితం రాసుకునే పద్ధతి ఉండేది. 1955 హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు క్రూరత్వం కారణంగా వేరుగా ఉండే హక్కు ఇచ్చింది గానీ, విడాకులు ఇవ్వలేదు. విడాకులకు అది కారణం అయింది 1976లో. ఇంట్లో జరిగే క్రూరత్వాన్ని నేరమన్న 498ఎ సెక్షను వచ్చింది 1983లో. అప్పటికి మా అమ్మమ్మకు మనవలు, మనవరాళ్లు.

2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైన గృహహింస చట్టం మిగతావాటికంటే వేరు. శరీరం మీది దెబ్బతో పాటు మాటల హింస, డబ్బు చేతికివ్వని హింస, లైంగిక హింస అన్నిటికీ అది పేర్లు పెట్టింది. పిల్లలు పుట్టలేదనీ, మగపిల్లాడు పుట్టలేదనీ ఎత్తిపొడవడం కూడా హింసేనని ఆ చట్టంలో రాసి ఉంది. దేవరకొండ దిక్కు తండాల నుంచి 1999లోనూ, 2001లోనూ ఆడశిశువుల అమ్మకాలు బయటపడినప్పుడు పత్రికలన్నీ లంబాడ తల్లులను దోషుల్ని చేశాయి. మళ్లీ ఆడపిల్లే అని ఆ తల్లులను ఆడిపోసుకున్నది ఎవరు, ఆ బిడ్డల బేరాల్లో డబ్బు చేసుకున్నది ఎవరు అని అడిగినవాళ్లు తక్కువ.

ఆ చట్టంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది నివాసపు హక్కు. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా సరే, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అవసరమైతే కొట్టేవాణ్ణే ఇల్లు విడిచిపొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇది మా ఏడో నెల ఆచారానికి నేరుగా తిరగబడ్డ ఆలోచన. మన ఆచారం దెబ్బలున్న ఇంటి నుంచి ఆడమనిషిని జరిపింది. చట్టం ఆమెను అక్కడే ఉంచి, కొట్టేవాణ్ణి జరపాలంటుంది. కాగితం మీదైనా ఆ మాట రావడానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత యాభై ఎనిమిదేళ్లు పట్టింది.

*

పుట్టిల్లు ఆశ్రయమనే నమ్మకాన్ని మా జిల్లాలోనే ఒక ఘటన తలకిందులు చేసింది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట నరికి చంపారు. ఐదో నెల గర్భిణి అయిన భార్యను పరీక్ష చేయించి తీసుకొస్తున్నాడు. ఆమె పక్కనే ఉంది. చంపించినవాడు ఆమె తండ్రేనని కేసు. కడుపు తీయించుకొమ్మని తండ్రి తన మీద ఒత్తిడి తెచ్చాడని ఆమె అప్పుడే చెప్పింది. ఆ తండ్రి 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

దీన్ని అందరూ కులహత్య అన్నారు. ముమ్మాటికీ అదే. కానీ ఆమె దిక్కు నుంచి చూస్తే, గర్భిణి మీద ఇంటివాళ్లు చేసిన హింస కూడా. ఇక్కడ కొట్టింది భర్త కాదు, అత్తగారిల్లు కాదు. ఏడో నెలలో బండి కట్టుకుని రావలసిన ఇల్లే. ఆమెకు నీడ దొరికింది అత్తగారింట్లో. 2019 జనవరిలో బిడ్డ పుట్టాడు. మొగుడి ఇంట్లో కడుపును ఆస్తిగా చూస్తారు, తండ్రి ఇంట్లో పరువుగా చూస్తారు. రెండు చోట్లా ఆ కడుపు ఆమెది కాదు. మా అమ్మమ్మను ఆమె అన్న బండి కాపాడింది. ఆ అన్న మంచివాడు కాబట్టి కాపాడింది. ఆడమనిషి ప్రాణం ఒక అన్న మంచితనం మీద ఆధారపడటం ఆచారానికి చాలు, న్యాయానికి చాలదు.

*

ఇది మా జిల్లా కథ మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో 24 వేల మంది స్త్రీలను అడిగి 2005లో ఒక నివేదిక ఇచ్చింది. గర్భంతో ఉండగా దెబ్బలు తిన్నామన్నవాళ్లు జపాన్ నగరంలో నూటికి ఒకరు, పెరూ గ్రామసీమల్లో నూటికి 28 మంది. అట్లా దెబ్బలు తిన్నవాళ్లలో పావు వంతు నుంచి సగం మంది దాకా కడుపు మీదనే తన్నులో గుద్దులో తిన్నారు. కొట్టినవాడు నూటికి తొంభైకి పైగా సందర్భాల్లో ఆ కడుపులోని బిడ్డ తండ్రే.

మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భంతో ఉండగా దెబ్బలు తిన్నామన్నవాళ్లు 3.1 శాతం. అంతకుముందు సర్వేలో 3.9. చిన్న అంకెలే అనిపిస్తాయి. అదే సర్వేలో, హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తెలంగాణలో భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు దాదాపు 37 శాతం. ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్లాన్ని కొట్టడం సరైందేనన్న స్త్రీలు తెలంగాణలో 84 శాతం. ఈ 84 చూసి పట్నంలో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1996కు ముందు ఎవరైనా ఆమెను అడిగితే ఆమె కూడా సరైందే అని ఉండేది. అట్లా అంటూనే నాలుగో నెలలో అన్నకు కబురు చేసి ఉండేది. అంకె ఆమె మాటను పట్టుకుంటుంది గానీ ఆమె చేసిన పనిని పట్టుకోదు.

ఇంకో మార్పు గురించి కూడా ఆలోచించాలి. ఇప్పుడు తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. బిడ్డలు, బాలింతలు బతుకుతున్నారు. దాన్ని కాదనేది లేదు. కానీ ఆముదం రాస్తూ కమిలిన నడుమును చూసిన మంత్రసాని స్థానంలో ఇప్పుడెవరున్నారు? ఏఎన్ఎం ఉంది, ఆశ ఉంది, డాక్టరుంది. నేను చూసిన తల్లీబిడ్డల కార్డుల్లో బరువుకు గడి ఉంది, బీపీకి ఉంది, రక్తం శాతానికి ఉంది. 'ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా?' అనే ప్రశ్నకు గడి లేదు. పరీక్ష గదిలోకి అత్తనో, మొగుడో వెంట వస్తే ఆ ప్రశ్న అడగనూ లేరు. గర్భిణి పరీక్షల కోసం వచ్చినప్పుడు హింస గురించి విచారించడాన్ని గట్టిగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. జిల్లాకొక సఖి కేంద్రం ఉంది, 181 నంబరుంది. వాటి దాకా దారి చూపించాల్సిన మనిషి ఆ పరీక్ష గదిలోనే ఉంది. వెంట వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు బయట కూర్చోమనడమే మొదటి పని.

*

మా తాత 2003లో పోయాడు. ఊరంతా వచ్చింది, ఎర్రజెండా కప్పారు. వెట్టి గురించి ఆయన చెప్పినదంతా నిజం, జైలు నిజం. నాకు ఆయనంటే ఇష్టం. నా చేతికి అక్షరాలు దిద్దించింది ఆయనే. నాలుగో నెలలో అమ్మమ్మను కొట్టిన చెయ్యి కూడా అదే. రెంటిలో ఒకటి దాచి ఇంకొకటి చెప్పడం ఇన్నేళ్లు నాకు సులువయింది. ఆ రోజు సాయంత్రం ఆయన పొలం నుంచి వస్తే, నేనేమీ అడగకుండా క్యాసెట్ తిప్పి మళ్లీ సంఘం ముచ్చట్లే రికార్డు చేశాను. చరిత్ర రాసేవాళ్లు ఎట్లా తప్పించుకుంటారో నా నుంచే నాకు తెలిసింది.

అమ్మమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, నువ్వు చెప్పింది రాయనా అని. "నేను బతికుండంగ వద్దు బిడ్డా. మీ అమ్మ మనసు కష్టపెట్టుకుంటది" అన్నది. కొంచెమాగి, "తర్వాత రాయి. జారి పడ్డదని మాత్రం రాయకు" అన్నది.

అమ్మకు ఈమధ్యే చదివి వినిపించాను. విన్నంతసేపూ ఏమీ అనలేదు. చివరికి ఒకటే అడిగింది: "మామ బండి సంగతి రాసినవా?"

రాశానమ్మా.